సబ్బు తెట్టు

సిలార్‌కి కావలసింది ఒక్క మాట. అది కాలేషా నోటినుంచి రావాలి. కాలేషా ఆ మాట అనటం లేదు.

"మాఫ్ చేశాలేరా" అంటే చాలు. బస్సులో ఎవరి కాలో తొక్కినప్పుడు మనం అడక్కముందే దొరికే మాట అది. కానీ సిలార్ చిన్నప్పటినుంచీ విన్నది ఒకటుంది. మనిషికి చేసిన తప్పును ఆ మనిషే మాఫ్ చెయ్యాలి. దేవుడు కూడా ఆ పని తన నెత్తిన వేసుకోడు. ఆ మనిషి కళ్ళు మూస్తే మాట ఆయనతోపాటే మట్టిలోకి పోతుంది, తప్పు చేసినవాడికి తప్పు మిగిలిపోతుంది.

కాలేషా కళ్ళు మూసేలాగే ఉన్నాడు. రోజురోజుకీ మంచం పెద్దదైపోతోంది, మనిషి చిన్నవాడైపోతున్నాడు.

ఇద్దరూ ఉండేది పల్నాటిలో, సున్నపు బట్టీల మధ్య ఉన్న దర్గాలో. అక్కడ గాలి కూడా తెల్లగానే వీస్తుంది. వేపాకు మీద సున్నం, ఆరేసిన బట్టల మీద సున్నం, జాగ్రత్తగా మూత పెట్టకపోతే అన్నంలో సున్నం. భూమి లోపల ఉన్నదీ సున్నపురాయే కాబట్టి బోరు నీళ్ళ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆ నీళ్ళతో ఒంటికి సబ్బు రాస్తే నురగ రాదు, పాలు విరిగినట్టు విరుగుతుంది.

అలాంటి చోట దేవుడు స్నానాల మొక్కు పెట్టించాడు. ఆయన లెక్కలు ఆయనవి. జబ్బు చేసినవాళ్ళు, మనసు చెదిరినవాళ్ళు, గాలి సోకిందని ఇంట్లోవాళ్ళు లాక్కొచ్చినవాళ్ళు, అందరూ ముందు స్నానాలగదిలో తలారా స్నానం చేసి, తడిబట్టలతో సమాధి దగ్గరకి వెళ్ళాలి. ఎవరో లారీల యజమాని మొక్కు తీరిందని ఆ గదిలో షవర్లు పెట్టించి, గోడలకి తెల్ల పలకలు అతికించి వెళ్ళాడు. కింద మాత్రం పాత నాపరాళ్ళే.

ఇంకో ఆచారం ఉంది. వచ్చినవాళ్ళు కొత్త సబ్బు విప్పాలి. వాడగా మిగిలింది తిరిగి ఇంటికి పట్టుకుపోకూడదు, పోతే జబ్బు కూడా దాన్ని పట్టుకుని వెంట వస్తుందట. అందుకని గోడ గూట్లో వదిలేసి వెళ్ళిపోతారు. ఎర్రవి, పచ్చవి, గులాబీవి, ఎవరెవరి రోగాలో ఒకదానికొకటి అతుక్కుని ముద్దయి, గోడ వెంట కారి, నేలంతా పాకి ఆరిపోయేవి. దాని మీద మళ్ళీ సున్నపు నీళ్ళు, మళ్ళీ సబ్బు. తెట్టు మీద తెట్టు.

ఆ గూడు ఖాళీ చెయ్యటం, ఆ బండలు కడగటం సిలార్ పని.

సిలార్ దూదేకుల ఇంట్లో పుట్టాడు. పరుపులు కుట్టే కొట్టు తమ్ముడికి వదిలేసి, హుస్సేన్ పీరా దగ్గర శిష్యుడిగా చేరాడు. హుస్సేన్ పీరా ఆ దర్గాని కనిపెట్టుకుని ఉండే ముసలి ఫకీరు. గడ్డం పలచన, మాట అంతకన్నా పలచన. ఊపిరితో దేవుడి పేరు కలిపి జపించే జిక్ర్ నేర్పిస్తాడని సిలార్ వచ్చాడు. నేర్పించాడు. దాంతోపాటు చీపురు కూడా ఇచ్చాడు.

జిక్ర్‌లో సిలార్ బాగా రాణించాడు. చీపురు దగ్గరే మనసు రాలేదు. "దేవుడి పేరు పట్టుకున్న చేత్తో పాచి పట్టుకోవాలా?" అని ఎవరితోనూ అనలేదు గానీ, అనుకోకుండా ఉండలేదు. ఒకరోజు కడిగితే రెండ్రోజులు చూసీచూడనట్టు వదిలేసేవాడు.

ఒక గురువారం సాయంత్రం అలాగే వదిలేశాడు. ఆ రోజు జనం ఎక్కువ. జిక్ర్ మొదలయ్యే వేళయింది. ముందు వరసలో చోటు పోతుందని చీపురు మూల పారేసి పరిగెత్తాడు.

కాలేషా దర్గాలో నగారా వాయించే మనిషి. పొద్దున, సాయంత్రం ఆయన కొడితేనే చుట్టుపక్కల వాళ్ళకి పూట తెలిసేది. నగారా ముట్టుకునే ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవటం ఆయనకి అలవాటు. ఆ సాయంత్రం కడుక్కోవటానికి స్నానాలగదిలోకి వెళ్ళి, మొదటి అడుగులోనే పడ్డాడు.

జిక్ర్ సాగుతూనే ఉంది. పీరాయే ముందుగా కళ్ళు తెరిచి, "నగారా ఏదిరా?" అన్నాడు. అప్పుడు లేచి వెతికారు.

తుంటి ఎముక విరిగింది. పట్నంలో డాక్టర్లు చూసి, ఈ వయసులో, ఈ గుండెతో కోత తట్టుకోలేడన్నారు. తీసుకొచ్చి నగారా పక్కనే ఉన్న చిన్న గదిలో మంచం మీద పడుకోబెట్టారు. నగారా మీద గోనెపట్టా కప్పారు. కాలేషాకి పెళ్ళాం ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. ఆయన వంకా, గోనె కప్పిన నగారా వంకా చూడలేక జనం ఆ గది ముందు గబగబా నడిచి వెళ్ళేవాళ్ళు.

సిలార్ మాత్రం గబగబా నడవలేదు. ఆ మర్నాటినుంచే మొదలుపెట్టాడు.

ముందు బండల మీద పడ్డాడు. ఇటుక ముక్కతో రుద్దాడు. ఇనప బ్రష్షుతో గీకాడు. అదీ చాలదని బజారుకు పోయి యాసిడ్ సీసా తెచ్చి ఒంపాడు. నాపరాయీ సున్నపురాయే, దాని మీద యాసిడ్ పోస్తే ఏమవుతుందో బట్టీల ఊళ్ళో పుట్టినవాడికి తెలియాలి. కంగారులో తెలిసింది కూడా మర్చిపోతాం. బండ బుసబుస పొంగింది, పైచర్మం పోయి మేక నాలికలా గరుకు తేలింది. ఆ గరుకులో తెట్టు ఇదివరకటి కంటే గట్టిగా పట్టుకుంది. అప్పుడు గూట్లో ఉన్న సబ్బు ముక్కలన్నీ తీసి, పారేస్తే పాపమేమోనని భయపడి, వాటితోనే నేలంతా తోమాడు. సబ్బు తెట్టు మీద సబ్బు! చేతులు పగిలి నెత్తురు కారేదాకా తోమాడు. తెల్లారేసరికి బండలు మళ్ళీ తెల్లగా, నున్నగా, పడగొట్టటానికి తయారుగా ఉండేవి.

తర్వాత కాలేషా మీద పడ్డాడు.

రోజూ పొద్దున్నే నమాజు కాగానే వెళ్ళి మంచం మీద కాళ్ళవైపు కూర్చునేవాడు. ఆయన కాళ్ళు పట్టుకుని ఏడ్చేవాడు. "నేను కడగలేదు మామా, నా తప్పే మామా, మాఫ్ చెయ్యి మామా." గురువారాలు జనం ముందు కూడా ఏడ్చేవాడు, గుండెలు బాదుకునేవాడు. అతని ఏడుపు దొంగ ఏడుపు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. కడుపులోంచి వచ్చేదే. చూసినవాళ్ళకి కళ్ళు చెమ్మగిల్లేవి. "తప్పు అందరూ చేస్తారు, ఇట్టా ఒప్పుకునేవాళ్ళు ఎంతమంది?" అని చెప్పుకునేవాళ్ళు. ఒకావిడ తన కొడుకుని లాక్కొచ్చి, "ఈ అన్నని చూసి నేర్చుకోరా" అని చూపించింది కూడా.

కాలేషా గోడ వైపు తిరిగేవాడు. మెడ ఒక్కటే తిరిగేది, మిగతా ఒళ్ళు తిరిగేది కాదు.

ముసురు పట్టిన ఒక పొద్దున, కాలేషాకి ముద్ద దిగటం లేదని విని, సిలార్ పీరా దగ్గరకి పోయాడు.

"బాబా, మీరొక్క మాట చెప్పండి ఆయనకి. మీ మాట కాదనడు."

"ఏం చెప్పమంటావు?"

"మాఫ్ చేశానని అనమనండి."

"నేను చెప్తే అంటాడు," అన్నాడు పీరా. "అది నాకోసం అన్న మాటయిద్ది. నీకేం పనికొచ్చిద్ది?"

సిలార్ తల దించుకున్నాడు. "నేనింకేం చెయ్యాలి బాబా? నాకు తెలిసినంతా చేస్తన్నా. అడగని రోజు లేదు."

పీరా అతని పగిలిన చేతులవంక కాసేపు చూశాడు. తర్వాత గోడకి చెయ్యి ఆనించి లేచాడు.

"పద. నాకు స్నానం చేయించు."

ఆయన ఎవరిచేతా స్నానం చేయించుకునే రకం కాదు. సిలార్‌కి పట్టరాని సంతోషమైంది. గురువు ఒంటికి చెయ్యి తగలటమంటే మాటలా? స్నానాలగదిలోకి గోడవారగా జాగ్రత్తగా నడిపించి, పీట వేసి కూర్చోబెట్టాడు. చెంబుతో నీళ్ళు పోసి ఒళ్ళు తడిపాడు. గూట్లో సబ్బు తీసుకుని వీపు రుద్దాడు, భుజాలు రుద్దాడు, ఎముకలు తేలిన రొమ్ము రుద్దాడు. రుద్దుతుంటే మళ్ళీ ఏడుపొచ్చింది. ఏడుస్తూ ఇంకాస్త రుద్దాడు.

నీళ్ళకని చెంబు ముంచబోతే పీరా ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంకా రుద్దు."

రుద్దాడు. సబ్బు అరిగి వేలెడయింది.

"ఇంకోటి తీసుకో."

ఇంకోటి కూడా అరిగింది. పీరా ఒళ్ళంతా తెల్లగా పూసినట్టయింది. అప్పుడాయన లేచాడు. లుంగీ బిగించుకుని, ఆ సబ్బుతోనే బయటికి నడిచాడు.

"బాబా, నీళ్ళు!"

పీరా వినిపించుకోలేదు. వచ్చి వరండా అరుగు మీద, అందరూ వచ్చే దారిలో కూర్చున్నాడు.

బట్టీల మీదుగా తడిగాలి వీస్తోంది. సబ్బు మెల్లగా ఆరటం మొదలెట్టింది. ఆరినకొద్దీ చర్మాన్ని లాగింది. మోచేతుల దగ్గర, మెడ ముడతల్లో పగుళ్ళు తేలింది. పీరా గోక్కున్నాడు. గోరు వెంట తెల్లటి పొడి రాలింది. మళ్ళీ గోక్కున్నాడు. ఆ వయసులో చర్మం ఉల్లిపొర, గోకిన చోటల్లా ఎర్రటి గీత పడింది.

మొక్కుకి వచ్చిన ఒక ముసలమ్మ ఆగి చూసింది. "ఏంది సామీ, ఒంటికి ఆ పూత?"

"స్నానం చేయించారు తల్లీ."

"ఎవరు?"

"మా సిలారు. మనసు పెట్టి చేయించాడు."

ముసలమ్మ సిలార్ వంక ఒక చూపు చూసి వెళ్ళిపోయింది. ఆ చూపుకి సిలార్ భూమిలోకి దిగబడిపోయాడు. బకెట్టు తెచ్చి పక్కన పెట్టుకుని నిలబడ్డాడు. వచ్చినవాళ్ళు వస్తున్నారు, అడిగినవాళ్ళు అడుగుతున్నారు, పీరా అందరికీ అదే జవాబు చెబుతున్నాడు. గోకుతూనే ఉన్నాడు. జబ్బ మీద ఒకచోట నెత్తురు చిమ్మింది.

సిలార్ ఇక తట్టుకోలేకపోయాడు. "ఒక్క చెంబు పోయనివ్వండి బాబా. మీకు దణ్ణం పెడతా."

"పోస్తే పోద్దిగా!"

"పోవాలనే గదా బాబా."

"ఓహో," అన్నాడు పీరా. "నువ్వు రుద్దుతానే ఉంటివి. నేను ఉంచుకోవాలేమో అనుకున్నా."

సిలార్ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది.

పీరా తన చేతిని చాపి, దానిమీది తెల్లటి పగుళ్ళు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. కోపం లేదు ఆ ముఖంలో. అలసట ఉంది.

"పని నువ్వు బాగానే చేశావు సిలారూ," అన్నాడు. "దురదే నాకు."

సిలార్ నీళ్ళు పోశాడు. చాలాసేపు పోశాడు. 

ఆ మర్నాడు సిలార్ కాలేషా గదికి వెళ్ళలేదు. ఆ పై రోజూ వెళ్ళలేదు. ఏడ్చేవాడు ఏడవటం మానేస్తే లోకానికి అనుమానం, "అప్పుడే తీరిపోయిందా పశ్చాత్తాపం?" అని నలుగురూ చెవులు కొరుక్కున్నారు. సిలార్ స్నానాలగది తలుపు దగ్గరికి వేసుకుని లోపల ఉన్నాడు.

ముందు గూడు ఖాళీ చేశాడు. ఆ ముక్కలన్నీ ప్రహరీ వెనకాల గొయ్యి తీసి పూడ్చాడు. ముసురు కదా, చూరు కింద గంగాళాలు పెడితే వాన నీళ్ళు నిండాయి. సున్నం లేని నీళ్ళు. వాటిని కాచి, నేల మీద గోనెపట్టాలు పరిచి, వాటి మీద పోశాడు. పోసి ఊరుకున్నాడు. ఇదే అతనికి కష్టమైన భాగం. చేతులు రుద్దమంటున్నాయి, అతను మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. గోడ పలకలకి నిమ్మచెక్కలు రాసి అలాగే వదిలేశాడు. షవర్లు సున్నం బిళ్ళకట్టి, చిల్లులు మూసుకుపోయి ఉన్నాయి. వాటికి నిమ్మరసం పోసిన సంచులు కట్టి వేలాడదీశాడు.

గోనెపట్టా ఎత్తి చూస్తే తెట్టు మెత్తబడింది. కొబ్బరి చిప్ప అంచుతో నెడితే మీగడలా లేచొచ్చింది. కింద ఇంకో పొర, దాని కిందా ఇంకోటి. మళ్ళీ తడి గోనె, మళ్ళీ ఊరుకోవటం. యాసిడ్ తిన్న చోట్ల రాయి ఇక బాగుపడదు. అది అలాగే ఉంది.

గుమ్మం దగ్గర బండ అడుగుదాకా తేలినప్పుడు, చిప్ప అంచుకి ఏదో తగిలింది. వేలితో తడిమాడు. రాయిలో గాట్లు. వరసగా, అడ్డంగా, ఉలితో కొట్టినవి. పక్క బండకీ ఉన్నాయి. గదంతా ఉన్నాయి. కాళ్ళు జారకుండా ఉండటానికి, ఎప్పుడో ఈ గది కట్టినవాళ్ళు కొట్టించిన గాట్లు. ఇన్నాళ్ళూ సబ్బుతో పూడిపోయి, అక్కడ అలాంటివి ఉన్నాయని సిలార్‌కి తెలియనే తెలియదు.

ఆ గాట్లలో వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. ఆ గుమ్మం దగ్గరే కాలేషా పడ్డాడు. అక్కడినుంచి చూస్తే కిటికీ కనిపిస్తుంది. కిటికీకి అవతల జిక్ర్ జరిగే చోటు. ముందు వరసలో సిలార్ కూర్చునే చోటు. చెయ్యి చాపితే అందేటంత దూరంలో ఉంది.

సాయంత్రం ఒక బిందెడు వాన నీళ్ళు, ఒక మెత్తటి గుడ్డ పట్టుకుని కాలేషా గదికి వెళ్ళాడు.

కాలేషా తల తిప్పకుండానే, "వచ్చావా? ఇక కానీయ్," అన్నాడు.

సిలార్ బిందె దించాడు. గుడ్డ తడిపాడు.

ఏడుపు వినపడకపోయేసరికి, కాలేషా మెడ ఇటు తిప్పాడు. "ఏందిరా, ఇయ్యాల ఏడవ్వా?"

"ఒళ్ళు తుడుద్దామని వచ్చా మామా."

"సబ్బు వద్దు నాకు."

"తేలేదు."

ఆయన చొక్కా విప్పి, మెల్లగా పక్కకి ఒత్తిగిల్లేలా తిప్పాడు. వీపు నిండా పడక పుండ్లు. నడుం దగ్గర ఒకటి అరచేయంత ఉంది. ఇన్నాళ్ళూ రోజూ వచ్చి ఆ కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. వీపు ఎలా ఉందో ఒక్కసారి కూడా చూడలేదు. ఏడుపొచ్చింది. మింగేశాడు. పుండ్ల చుట్టూ గుడ్డ అద్దాడు.

కాలేషా గోడ వంక చూస్తూ మాట్లాడాడు. "నువ్వు రోజూ వచ్చి నా కాలు విరిగిన సంగతి నాకు చెప్పేవాడివి. నాకు తెలవదనుకున్నావా?"

సిలార్ గుడ్డ పిండాడు.

"బండ కడగలేదని ఏడ్చేవాడివి. కడగకపోతే ఏందిరా, నేను మాత్రం చూసుకుని నడవద్దా? దానికి కాదు నాకు కోపం." ముసలాయన మంచం పట్టె పట్టుకున్నాడు. "ఆ సాయంత్రం పడి అరిచా. నీ పేరు పెట్టి అరిచా. కిటికీకి అవతల నువ్వున్నావని తెలుసు గనక నిన్నే పిలిచా. ఇనపడిందా నీకు?"

ఆ ప్రశ్నకి సిలార్ దగ్గర జవాబు ఎప్పటినుంచో తయారుగా ఉంది. జిక్ర్‌లో ఒళ్ళు తెలియలేదు మామా. ఆ మాట అందరికీ చెప్పాడు. తనకి తాను కూడా చెప్పుకున్నాడు. చెప్పగా చెప్పగా అది నున్నగా తయారైంది.

"ఇనపడింది," అన్నాడు.

బయట చూరు నీళ్ళు గంగాళంలో పడుతున్నాయి.

"రెండోసారి పిలిచింది కూడా ఇనపడింది మామా. ఎవరో ఒకరు లేస్తార్లే అనుకున్నా. నేనే ముందు లేస్తే, బాబా నా మనసు జిక్ర్‌లో లేదనుకుంటాడని... లేవలా."

కాలేషా తిట్టలేదు. కళ్ళు మూసుకున్నాడు, మళ్ళీ తెరిచాడు. దవడ ఎముక కదిలింది. సిలార్ చెయ్యి వీపు మీద ఆగిపోయింది. ఇప్పుడు ఆ మాట అడగటానికి నోరు రాలేదు. అడిగే అర్హత ఉన్నట్టు కూడా తోచలేదు.

కాలేషా అన్నాడు. "నీళ్ళు చల్లగా తెచ్చావు. రేపు కాస్త కాచుకురా."

మర్నాడు కాచి తెచ్చాడు. ఆ మర్నాడూ తెచ్చాడు. కాలేషా కొన్నాళ్ళు నోరు విప్పేవాడు కాదు. కొన్నాళ్ళు నగారా తోలు ముసురుకి వదులైపోయుంటుందని దిగులు పడేవాడు, గోనె తీసి ఎండ చూపించమనేవాడు, ఎండ ఎక్కడుంది చూపించటానికి! ఒకరోజు ఉన్నట్టుండి, "నీవల్లే రా, నీవల్లే నేనిట్టా పడున్నా," అని చేతికందిన గ్లాసు విసిరాడు. సిలార్ గ్లాసు తీసి పక్కన పెట్టి, వీపు తుడిచాడు. ఇంకోరోజు నీళ్ళు తగలగానే, "ఆఁ, ఇట్టా ఉండాలి వేడి," అని కళ్ళు మూసుకున్నాడు. మాఫ్ అన్న మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

ముసురు వదలకముందే కాలేషా పోయాడు. పొద్దున సిలార్ నీళ్ళు కాచి తీసుకెళ్ళేసరికి నోరు కొంచెం తెరుచుకుని ఉంది, కళ్ళు నగారా ఉన్న గోడ వైపు ఉన్నాయి. బిందెలోంచి ఆవిరి వస్తోంది. సిలార్ బిందె దించటం కూడా మర్చిపోయి నిలబడ్డాడు.

శవానికి స్నానం చేయించటానికి స్నానాలగదిలోనే బల్ల వేశారు. రేగాకు వేసి కాచిన నీళ్ళు పెద్ద డేగిసాలో తెచ్చి పెట్టారు. పైన బట్ట కప్పి, మనిషిని బల్ల మీద పడుకోబెట్టారు. కడిగిన బండల మీద గాట్లు నల్లగా కనిపిస్తున్నాయి. మోసుకొచ్చినవాళ్ళలో ఒక్కరి కాలు కూడా జారలేదు.

సిలార్ గుమ్మం అవతలే ఆగిపోయాడు. వానలో తడుస్తూ నిలబడ్డాడు.

"రా," అన్నాడు పీరా లోపలినుంచి.

సిలార్ కదల్లేదు. అందరూ చూస్తున్నారు. ఇంతకుముందు ఎంతమంది చూస్తుంటే అంత బాగా ఏడుపొచ్చేది. ఇప్పుడు కళ్ళు పొడిగా మండుతున్నాయి.

"బాబా," అన్నాడు. "ఆయన మాఫ్ అనలేదు."

లోపలున్న పెద్దమనిషి ఒకాయన ఏదో ఓదార్పు చెప్పబోయాడు. పోయేముందు మనసులో అనుకునే ఉంటాడని కాబోలు. పీరా చెయ్యెత్తి ఆపాడు.

"అనలేదు," అన్నాడు పీరా.

ఇంకేమైనా చెబుతాడని సిలార్ చూశాడు. పీరా వంగి, డేగిసా పక్కనున్న చెంబు తీసి అతని వైపు చాపాడు. ఆ ముసలి జబ్బ మీద పాత గీరు ఇంకా మానలేదు.

"నీళ్ళు చల్లారిపోతన్నయి."

సిలార్ చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. చెంబు ముంచి, ముందు తన ముంజేతి మీద ఒక ధార పోసుకుని వేడి చూశాడు.